కింది పళ్ళ వెనక

రిపోర్టు నాలుగింటికి ఇస్తామన్నారు. ఇప్పుడు మూడు దాటి రెండు నిమిషాలు. ఈ రెండు నిమిషాల్లోనే ఆమె ఎదుటి బల్ల మీద కూర్చున్న అందరి పళ్ళూ చూసేసింది. అలవాటు, ఏం చేస్తుంది. చెప్పులు కుట్టేవాడి చూపు ముందు కాళ్ళ మీద పడ్డట్టు ఆమె చూపు ముందు నోటి మీద పడుతుంది, ముఖం ఆ తరవాత, పేరు ఎప్పటికో. గోడవారన పెద్దాయనవి కట్టుడు పళ్ళు, పై సెట్టు వదులైంది, ఆవలించినప్పుడల్లా నాలుకతో దాన్ని లోపలికి తోసి తలుపేసుకుంటున్నాడు. ఆయన పక్కన పచ్చ సంచీ ఆవిడ కాఫీ మనిషి, అదీ ఒక్క గుక్కలో కాదు, ఒకే కప్పుని పొద్దున్నుంచీ చప్పరిస్తూ తాగే రకం. చివర ఫోనులో గుసగుసలాడుతున్నవాడు ఒక పక్కే తోముతాడు, రెండో పక్కని దేవుడికి వదిలేశాడు. ఇక ఆమె పక్కన, ఇద్దరి మధ్యా ఒక ఫైలు పట్టేంత జాగా వదిలి, ఆమె భర్త కూర్చున్నాడు, నోరు మూసుకుని. ఆయన నాలుక కింద మూడు కుట్లున్నాయి. పది రోజుల కిందట అక్కణ్ణించి మినపగింజంత ముక్క కోసి, సీసాలో వేసి, పరీక్షకి పంపారు. ఆ ముక్క మంచిదో చెడ్డదో ఈ గోడ అవతల ఎవరో ఇప్పటికే చూసేసి ఉంటారు, చూసి టైపు కొట్టేసి ఉంటారు, కొట్టేసి టీకి వెళ్ళి ఉంటారు. మంచిదైతే ఇంటికి వెళ్ళిపోవడమే. కాకపోతే అన్న చోట ఆమె ఆలోచన గుమ్మం తగిలినట్టు ఆగిపోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఎదుటివాళ్ళ పళ్ళ మీదికి పోతోంది. ఈ వరండా మొత్తంలో ఆయనంత తెల్లని పళ్ళు ఇంకొకరికి లేవు. అవి ఆమె చేతి పని. పంతొమ్మిదేళ్ళ పని.

ఆయన పళ్ళ డాక్టరు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో అసలు పేరు ఎవరికీ తెలియదు, ముత్యాల డాక్టరంటారు. ఆ పేరు ఆయన కట్టే పళ్ళ వల్ల రాలేదు, సొంత పళ్ళ వల్ల వచ్చింది. బయట బోర్డు మీద నవ్వే బొమ్మ కూడా వేయించలేదు, గుమ్మంలో నిలబడి ఆయనే నవ్వేవాడు, చాలు. ఆమె చదివింది వృక్షశాస్త్రం. కాలేజీలో మూడేళ్ళు చెరువుల మీది పాచి గురించి చదివి, పెళ్ళయ్యాక మనుషుల పళ్ళ మీది పాచిలోకి దిగింది. పై చదువులు చదవమని నాన్న పంపితే ఇక్కడిదాకా చదివానని అనేది, ఆయన నవ్వేవాడు. క్లీనింగంతా ఆమెదే. గార గీకడం, మరకలు తీయడం, చివర రబ్బరు కప్పుతో పాలిష్ పెట్టడం. నేర్పింది ఆయనే. మొదటిరోజు ఆయనే కుర్చీలో పడుకుని నోరు తెరిచి, "నా నోట్లోనే నేర్చుకో శిష్యురాలా, చెడగొట్టినా పోట్లాడేవాడు ఉండడు" అన్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో కూడా అదే పిలుపు, కూరలో ఉప్పెక్కువైనా శిష్యురాలే, కరెంటు బిల్లు కట్టడం మరిచిపోయినా శిష్యురాలే. ఆమె అద్దప్పుల్ల పెట్టి చూసింది. కింది వరసలో ముందు పళ్ళ వెనక, బయటికి ఎవరికీ కనిపించని చోట, చిగురు అంచున సన్నగా గోధుమరంగు గీత. "ఇదేమిటండీ?" అంది. ఆయన నోట్లోంచి ఉమ్మి లాగే గొట్టం తీసి, "టీ" అన్నాడు, మళ్ళీ గొట్టం పెట్టుకున్నాడు. ఒక్క అక్షరం. దానికి పంతొమ్మిదేళ్ళు.

"ఏమీ అనుకోకండి," పచ్చ సంచీ ఆవిడ ముందుకి వంగింది, "మీరిద్దరూ ఏం పెట్టి తోముతారండీ? ఇందాక ఆయన చీటీ ఇస్తూ పళ్ళికిలించారు కదా, మా మరిదిని, ఇప్పుడు లోపలికెళ్ళాడు లెండి, పొడిచి చూపించాను."

నోటి ఆసుపత్రి వరండాలో కూర్చుని అడగాల్సిన ప్రశ్నే. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వడానికి ఇది వేళ కాదు, అయినా నోరు తన పని తాను మొదలుపెట్టేసింది, పంతొమ్మిదేళ్ళుగా రోజుకి పదిసార్లు చెప్పిన పాఠం. బొగ్గు పొడులూ ఉప్పులూ నిమ్మచెక్కలూ పెట్టి రుద్దకండి, తెల్లబడ్డట్టే ఉంటుంది, పైపొర అరిగి లోపలి పసుపు బయటపడుతుంది, అది ఇంక మళ్ళీ రాదు. మెత్తటి బ్రష్షు, గట్టిగా కాదు, గుండ్రంగా. కాఫీ అయినా టీ అయినా గంటలకొద్దీ చప్పరించకుండా ఒక్కసారి తాగేసి మంచినీళ్ళతో పుక్కిలించండి. పుల్లటివి తిన్న వెంటనే తోమకండి, అరగంట ఆగండి. ముందు పళ్ళ వెనక వైపు మరిచిపోకండి, అందరూ మరిచిపోయేది అక్కడే. ఆరు నెలలకోసారి ఎవరికైనా చూపించుకోండి.

"ఇంకా?" అంది ఆవిడ, సంచీలోంచి కాగితం తీసి రాసుకునేలా ఉంది.

"పొగాకు జోలికి పోకూడదు."

"అబ్బే, మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదండీ."

"మా ఇంట్లోనూ లేదండీ," అంది ఆమె.

పక్కన ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, నవ్వో దగ్గో, కుట్లు లాగినట్టున్నాయి, చేత్తో గడ్డం పట్టుకున్నాడు. ఆమె ఆయనవైపు చూడలేదు.

మూడుంపావు. రెండు ఆదివారాలకోసారి ఈ వేళకి క్లినిక్కు షట్టరు సగానికి దించి ఉండేది. కింద నుంచి మోకాళ్ళదాకా వెలుగు వచ్చేది, రోడ్డు మీద పోయేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపించేవి. ఆయన కుర్చీలో వెనక్కి వాలేవాడు, ఆమె తలవైపు స్టూలు మీద కూర్చునేది, ఆయన తల దాదాపు ఆమె ఒళ్ళోనే. మిగిలిన రోజులన్నీ ఆయన ఊరందరి మనిషి. భోజనం మధ్యలో పంటినొప్పి, నిద్ర మధ్యలో పంటినొప్పి, బంధువుల ఇంటికి వెళ్తే వంటింట్లో నిలబెట్టి అత్తగారి దవడ చూడమనేవాళ్ళు. మాట మొదలుపెడితే ఆయనకి ఆపడం తెలియదు, ఆమె ఒక మాట అంటే పది చెప్పేవాడు, అందులో తొమ్మిది నిజాలే, అది మరీ చిరాకు. ఈ ఒక్క గంటా ఆయన నోరు తెరిచి ఉండేది, మాట ఉండేది కాదు. ఆమె మాట్లాడేది. ఇంటి సంగతులు, అక్కయ్యతో తగువులు, చదివిన కథలు, చేయలేకపోయిన ఎమ్మెస్సీ. ఆయన కళ్ళతో ఊఁ కొట్టేవాడు. కాదనడానికి వీల్లేదు కదా. రెండువారాలకోసారి పళ్ళకి పాలిష్ పెట్టమని ఏ పుస్తకంలోనూ లేదు, పళ్ళకి మంచిది కూడా కాదు, ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. అయినా మరక వచ్చేది. మరక వచ్చింది కాబట్టి ఆదివారం వచ్చేది.

మరకలు చెప్పే కబుర్లు మనుషులు చెప్పరు. టీ మరక ఒకలాంటిది, గీకితే పొరలా వచ్చేస్తుంది. ఇనుము టానిక్కుది నలుపు, అంచు వెంబడి దారం కుట్టినట్టుంటుంది. పొగది అలా కాదు, అది పంటి సందుల్లోకి దూరి, జిగటగా, కాలిన బెల్లం రంగులో అంటుకుని, గీకుతుంటే పరికరం కొసకి వస్తుంది, వస్తూ తన వాసన తాను చెబుతుంది. ఆమెకి ఆ విద్య ఎంత బాగా వచ్చిందంటే, ఒకసారి బస్సు డ్రైవరొకడు భార్యని వెంటబెట్టుకుని వచ్చి కుర్చీలో పడుకుంటే, అద్దం పెట్టి అర నిమిషం చూసి, "అన్నయ్యా, రోజుకి డజనా, ఇంకా ఎక్కువా?" అంది. వాడు నోట్లో అద్దంతోనే కళ్ళతో భార్యని చూపించి వద్దన్నాడు. ఆవిడేమో, "నేను చెప్పానా, నా ముక్కు అబద్ధం చెప్పదని!" అని అక్కడే తగులుకుంది. ఆయన పక్క గదిలోంచి వచ్చి, "మా శిష్యురాలి కంటికి దొరక్కుండా ఎవడూ పోలేడు" అని గర్వంగా చెప్పాడు. చెప్పి, చేతులు కడుక్కుని, నీళ్ళ ట్యాంకులో నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో చూసొస్తానని డాబా మీదికి వెళ్ళాడు. రోజుకి అయిదారుసార్లు చూసేవాడు నీళ్ళు. ఏ ఇంట్లోనూ ఏ ట్యాంకునీ ఎవరూ అంత శ్రద్ధగా చూసుకుని ఉండరు.

వరండా చివర ఫ్యాను ఒక రెక్క వంకరగా తిరుగుతోంది. కౌంటరు దగ్గర ఎవరిదో పేరు పిలిచారు, ఫోనువాడు ఉలిక్కిపడి లేచాడు, చేతికి కవరిచ్చారు, అక్కడే చింపి చదువుకున్నాడు, గోడకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు, వెళ్ళిపోయాడు. మంచి కబురు. మంచివి కవర్లో వస్తాయి కాబోలు. ఆయన కూడా చూశాడు, చూసి, చేతి గడియారం వైపు తిరిగాడు.

టీ మానెయ్యమని ఆమే అంది. పెళ్ళయిన మూడో ఏడు కాబోలు. "టీ వల్లే కదండీ మరక, మానేస్తే పోతుంది" అంది, చాలా అమాయకంగా, కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతూ, తల ఎత్తకుండా. ఆయన ఒక్క క్షణం ఆగి, "అలాగే" అన్నాడు. మానేశాడు. ఆ మానేయడం చూడాలి! పొద్దున్నే వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని, ఎవరింటికి వెళ్ళినా టీ కప్పు వైపు పుట్టింటిని చూసినట్టు చూసి, నాకలవాటు లేదండీ అనేవాడు. అబద్ధాన్ని నిలబెట్టడానికి మనిషి ఇంత తపస్సు చేస్తాడా అని ఆమె లోపల్లోపల నవ్వుకునేది, ఎంతదూరం వెళ్తాడో చూద్దామనుకునేది. టీ పోయింది, మరక పోలేదు. అప్పుడు, "మన నీళ్ళలో సున్నం ఎక్కువేమోనండీ" అంది, ఆయనకి కష్టం లేకుండా సాకు తానే వెతికి అందించింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఫిల్టరు పెట్టించాడు. పేస్టు మార్చారు. బ్రష్షు మార్చారు. మరక మాత్రం ఠంచనుగా పదిహేను రోజులకి అక్కడే, కింది పళ్ళ వెనకే. ఆమె పక్షానికోసారి దాన్ని తీసేసింది. అంత శుభ్రంగా తీసింది కాబట్టే ఆయనతో చదువుకున్న డాక్టర్లు ఎవరూ, మీటింగుల్లో పక్కన కూర్చుని తిన్నవాళ్ళు ఎవరూ, ఏమిట్రా ఇది అని అడగలేదు. అడగడానికి అక్కడేమీ లేదు. ఒక్క మరక ఉండనిచ్చి ఉంటే అదే నలుగురిలో నిలబడి చెప్పేది.

అడగొచ్చు కదా, అడిగేస్తే సరిపోయేది కదా. అడగాలని మొదట్లో అనుకుంది. నేర్పిన గురువుని అబద్ధం ఆడావంటే ఎలా, అన్నది ఒకటి. తరవాత ఎప్పుడో అది కారణం కాకుండా పోయింది. అడిగితే ఆయన మానేస్తాడు, ఆ మాటకి ఆయన మనిషి గట్టివాడే, టీ మానలేదూ? మానేస్తే మరక రాదు. మరక రాకపోతే షట్టరు సగం దించి కూర్చోవడానికి సాకేముంది? భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవడానికి సాకు కావాలా అని ఎవరైనా నవ్వొచ్చు. పెళ్ళయి ఇరవై ఏళ్ళైన వాళ్ళు నవ్వరు. ఏదో నాలుగు సిగరెట్లు, ఊళ్ళో సగం మంది తాగుతున్నారు, మా మామయ్య ఎనభై దాకా తాగాడు, అని తనకి తానే చెప్పుకునేది, సరిగ్గా కుర్చీలో పడుకున్న రోగులు తనకి చెప్పే మాటలే, వాళ్ళు చెబితే ఒప్పుకునేది కాదు.

ఇక దూది చుట్ట. అది తలుచుకోకూడదనుకుంది పొద్దున్నుంచీ. పాలిష్ పెట్టేముందు కింది పళ్ళు తడిలేకుండా ఉండాలని నాలుక కింద దూది చుట్ట ఒకటి పెడతారు. వేలితో నొక్కి పెట్టాలి, లేకపోతే జారిపోతుంది. నాలుక కింద, ముందు పళ్ళకి అర అంగుళం వెనక. పెట్టింది, నొక్కింది, మరక తీసింది, చుట్ట తీసి పారేసింది, అన్నిసార్లూ. ఆమె పళ్ళని చూసింది. పళ్ళని తప్ప దేన్నీ చూడలేదు. నెల కిందటి ఆదివారం వేలు నొక్కగానే ఆయన భుజాలు పైకి లేచాయి. చుట్ట తీస్తే గులాబీరంగుగా ఉంది. "నాలుక ఎత్తండి" అంది. ఎత్తాడు. అక్కడ గోరంత మేర తెల్లగా ఉంది, గరుకు తెలుపు, సున్నం రాలిన గోడలాగా, మధ్యలో ఎర్రటి పుండు. గుడ్డతో తుడిచింది. పోలేదు. ఇంకోసారి తుడిచింది. ఆమె బతుకంతా చేసిన పని అదే, తుడవడం, తెల్లగా చెయ్యడం, ఈ తెలుపుని ఏం చెయ్యాలో తెలియలేదు. "ఎన్నాళ్ళయింది?" అంటే ఆయన అయిదు వేళ్ళు చూపించాడు. రోజులు కావు. గొట్టం తీసి, "నీ పాలిష్ అంటుకుందేమో" అన్నాడు, ఆమె నవ్వలేదు కాబట్టి ఆయనా ఆపేశాడు. పళ్ళ డాక్టరు, రోజుకి ఇరవై నోళ్ళు చూసేవాడు, అది ఏమిటో పుస్తకం తెరవకుండా చెప్పగలిగినవాడు, అయిదు నెలలు అద్దం ముందు నాలుక ఎత్తకుండా గడిపాడు.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "నీకొక సంగతి చెప్పాలి శిష్యురాలా. నేను సిగరెట్లు తాగుతున్నాను. ఆరేళ్ళ నుంచి. రోజుకి రెండు." ఆమె "ఆరేళ్ళా!" అంది. రెండు చేతులూ చెంపలకి పెట్టుకుంది. గరిటె కింద పడేసింది, అది కొంచెం ఎక్కువైంది. ఆయన తల దించుకున్నాడు. ఆ దించుకున్న తల చూస్తుంటే, నాకు తెలుసని ఇప్పుడు చెప్పెయ్యి, ఇప్పుడైనా చెప్పెయ్యి అనిపించింది. వంగి గరిటె తీసి కడిగింది. కడిగేసరికి వేళ దాటిపోయింది. వీళ్ళిద్దరి మధ్యా ఏ మాటకైనా వేళ ఎప్పుడూ ఇంతే, చెయ్యి కడుక్కునేంత.

నాలుగయింది. నాలుగు మీద అయిదు నిమిషాలు. పేరు పిలిచారు. ఇద్దరూ లేచారు, ఆయన చెయ్యి చాచాడు కవరు కోసం. కౌంటరాయన తల ఎత్తకుండా, "మీది మేడమ్ గారి దగ్గరికే పంపించాం సార్. మూడో గది. లోపలికి వెళ్ళండి" అన్నాడు. కవరు లేదు. ఆయన చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పచ్చ సంచీ ఆవిడ వెనక నుంచి, "అంతా మంచే జరుగుతుందండీ" అంది, కాఫీ మరక పళ్ళతో, నిండుగా.

సర్జను చిన్నది, ముప్పై అయిదు ఉంటాయేమో, లేచి నిలబడి నమస్కారం పెట్టింది, "కూర్చోండి డాక్టరుగారూ" అంది. అంత మర్యాద చేస్తోందంటే ఇంక చదవక్కర్లేదు. అయినా కాగితం ఆయన వైపు తిప్పింది, తోటి డాక్టరని. ఆయన చదివాడు. ఆమె ఆయన ముఖం చదివింది. ఆయన కాగితాన్ని ఇటు తిప్పకుండా తిరిగి ఇచ్చేశాడు.

"మెడలో గడ్డలకి కూడా పాకింది," సర్జను నెమ్మదిగా ఆమెతో చెప్పింది, "ఎముకకి అంటుకుంది. కింది దవడ ముందు భాగం తీసేయాలమ్మా, ఈ కోరపన్ను దగ్గర్నుంచి ఆ కోరపన్ను దాకా పళ్ళతో సహా. నాలుక కొంత. తరవాత రేడియేషను, అదే కరెంటు, పెట్టాలి. అన్నీ చేసినా..." అని ఆగి, "ఆలస్యంగా వచ్చారు" అంది. అన్నీ చేసినా అన్నదాని తరవాత ఏముందో అడిగేందుకు ఆ గదిలో అది తెలియనివాళ్ళు ఎవరూ లేరు. ఆ ఆరు పళ్ళూ ఆమెకి ఒక్కొక్కటీ తెలుసు. ఎడమ నుంచి రెండోది కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది, దాని వెనక సందు ఇరుకు, అక్కడ పరికరం వంచి పట్టుకోవాలి.

సర్జను ఫారం ముందుకి లాక్కుని కలం తీసింది. "పొగాకు అలవాటు ఉందా డాక్టరుగారూ?"

"ఉంది. ఆరేళ్ళు," అన్నాడు ఆయన, కుట్లున్న నాలుకతో మాట ముద్దగా వచ్చింది. "రోజుకి రెండు."

"నిజంగానా? మీ పళ్ళు చూస్తే ఎవరూ అనుకోరు," అంటూ సర్జను ఆరు వేసింది.

"పంతొమ్మిదేళ్ళమ్మా," అంది ఆమె. తన గొంతు తనకే క్లినిక్కులో మాట్లాడే గొంతులా వినిపించింది. "పెళ్ళికి ముందు సంగతి నాకు తెలియదు. రోజుకి రెండు కాదు, అయిదారు. మధ్యలో ఒకటి రెండేళ్ళు ఎక్కువే."

సర్జను కలం ఆగింది. "మీకు ఇప్పుడు చెప్పారా?"

"లేదు. నేనే శుభ్రం చేసేదాన్ని."

ఆయన కోప్పడితే బాగుండు. ఇంతమంది నోళ్ళు పట్టుకున్నదానివి నన్నెందుకు వదిలేశావని ఒక్క మాట అంటే, దానికి సమాధానం లేకపోయినా, తల వంచుకుని పడి ఉండొచ్చు. ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆశ్చర్యం లేదు ఆ ముఖంలో, అదే వెతికింది ఆమె, ఎక్కడా లేదు.

"అడుగుతావనుకునేవాణ్ణి," అన్నాడు. "కుర్చీ ఎక్కిన ప్రతిసారీ."

సర్జను ఆరు కొట్టేసి పంతొమ్మిది వేసింది, తరవాత బరువెంతో అడిగింది.